బండి రోడ్డెక్కేదాకా ఊపు తగ్గకూడదంటే

పాత లారీని విప్పడం ఎంతసేపు? దాన్ని ట్యాంకరుగానో, మొబైల్ క్యాంటీనుగానో, ప్రచార రథంగానో మళ్లీ కట్టడానికే నెలలు పడుతుంది. మొదట్లో హుషారుగా సాగిన పని సగంలో నీరసపడుతుంది. ఒళ్లు అలిసిందనుకుంటాం గానీ, మనసును చంపేది పని కాదు, పని ఆగిపోవడం. సామాను రాలేదని కొన్నాళ్లు, డబ్బు అందలేదని కొన్నాళ్లు, అనుమతి రాలేదని కొన్నాళ్లు షెడ్డులో బండి కదలకుండా ఉంటే ఎంతటి పనిమంతుడికైనా విసుగొస్తుంది. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల వెల్డర్లకు, ఫిట్టర్లకు, సొంత బండి కట్టుకుంటున్న డ్రైవర్లకు నా సలహా ఒక్కటే: ఆ ఆగిపోయే చోట్లను ముందే పట్టుకోండి.

ముందు కాగితాలు

ఆర్సీలో ఉన్న వివరాలు మారేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. ఏ మార్పుకు అనుమతి వస్తుందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే కటింగ్ మిషన్ పట్టుకోండి. బాడీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. రంగుకూ నియమం ఉంది. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం 'వారాహి' రంగు మీద ఎంత రచ్చ జరిగిందో చూశాం. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే చెల్లుతుంది. వారాహిది ఎమరాల్డ్ గ్రీన్ అని తెలంగాణ రవాణా శాఖ స్పష్టం చేశాకే ఆ వివాదం సద్దుమణిగింది. కట్టిన బాడీని ఫిట్‌నెస్ దగ్గర తిప్పి పంపితే, మళ్లీ విప్పడానికి ఎవరికీ చేతులు రావు.

ముక్కలుగా చేయండి

మన మండలంలోని ఆదిభట్లలో టాటా బోయింగ్ ప్లాంటు అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లేజ్‌లు తయారుచేస్తోంది. మొదటిది 2018లో బయటికొచ్చింది. విమాన పరిశ్రమలో ఒక దశను తనిఖీ చేసి సరే అన్నాకే తర్వాతి దశ మొదలవుతుంది. షెడ్డులోనూ అదే పద్ధతి పెట్టుకోవచ్చు. చాసిస్ తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టడం ఒక ముక్క. కమాను పట్టీలు, బ్రేకులు ఇంకో ముక్క. ఆ తర్వాత క్యాబిన్, తొట్టి, వైరింగ్, పెయింట్. నాలుగు పనులు సగం సగం చేయడం కన్నా ఒకటి పూర్తిచేయడం మేలు. అయిపోయిందని వేలుపెట్టి చూపించగలిగేది వారానికి ఒకటైనా ఉంటే మరుసటి వారం కాళ్లు వాటంతటవే షెడ్డువైపు నడుస్తాయి. సామాను కోసం ఆగాల్సి వస్తే చేసుకోవడానికి చిల్లర పనుల జాబితా వేరే ఉంచుకోండి.

చేజేతులా ఆపుకోవద్దు

ఇప్పటి బండ్లలో ఇంజిన్‌ను నియంత్రించే ఈసీయూ (ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్) ఉంటుంది. బ్యాటరీ తీగలు విప్పకుండా ఆర్క్ వెల్డింగ్ చేస్తే అది కాలిపోయే ప్రమాదముంది. కాలితే బోలెడు ఖర్చు, పైగా కొత్తది వచ్చేదాకా పని బంద్. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ విప్పడాన్ని అలవాటు చేసుకోండి. బాడీని నిలబెట్టేటప్పుడు చాసిస్ అంచులకు రంధ్రాలు వేయకండి, యూ బోల్టులు వాడండి. రంధ్రం పడిన చోటే రేపు లోడు మీద పగులు మొదలవుతుంది.

డబ్బు లెక్క దశలవారీగా

అడ్వాన్సు ఒకసారి, మిగతాదంతా చివర్లో అనే ఒప్పందం ఇద్దరికీ నష్టమే. ఓనరు డబ్బు మధ్యలో అయిపోతుంది, మేస్త్రీ వేరే బండి ఎత్తుకుంటాడు. ఏ దశ పూర్తయితే ఎంత ఇవ్వాలో మొదటిరోజే కాగితం మీద రాసుకోండి. ప్రతి దశకూ ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. డబ్బు అడగడానికి అదే సాక్ష్యం, తర్వాతి ఓనరుకు చూపించడానికి అదే మీ పనితనం.

ఓనర్లకూ ఒక మాట. దశ పూర్తయిన రోజే డబ్బు చేతిలో పెట్టండి, షెడ్డుకు వచ్చి చేసిన పనిని కళ్లారా చూసి బాగుందని చెప్పండి. కూలి సమయానికి అంది, పనికి గౌరవం దక్కిన చోట ఏ బండీ సగంలో ఆగదు.