గాలివానకు ముందు పెట్టే రూపాయి



1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో సముద్రం ఊళ్ళ మీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆ తుఫానులో సుమారు పదివేల మంది మరణించారు. 1990 మే 9న మరో అతి తీవ్ర తుఫాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి మృతులు వెయ్యిలోపే. గాలికి దయ కలిగిందా? లేదు. హెచ్చరిక ముందే అందింది. లక్షల మందిని ముందే తరలించారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న తేడాయే నేటి మన పాఠం.

ప్రాణాలు దక్కాయి సరే, కూలిన ఇల్లు, మునిగిన పొలం మాటేమిటి? ఆ డబ్బు ఎక్కడినుండి వస్తుంది?

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికి విపత్తు సహాయ నిధి ఉంటుంది. మన వంటి రాష్ట్రాలలో ఆ నిధికి చేరే ప్రతి రూపాయిలో 75 పైసలు కేంద్రానివి, 25 పైసలు రాష్ట్రానివి. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం విపత్తుల కోసం కేటాయించిన సొమ్మును ఇలా విభజించింది: వంద రూపాయలలో 40 తక్షణ సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 10 సన్నద్ధతకు, మిగిలిన 20 ముప్పును ముందే తగ్గించే పనులకు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఇది సహాయమే గాని నష్టపరిహారం కాదు. 2022లో కేంద్రం సవరించిన నిబంధనలలో, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి నిర్ణయించిన మొత్తం 1,20,000 రూపాయలు. అంతటితో ఇల్లు లేస్తుందో లేదో మీ ఊరి తాపీమేస్త్రిని అడగండి! పంటకైతే 33 శాతం, లేదా అంతకుమించి నష్టపోయి ఉండాలి. అదీ రెండు హెక్టార్ల వరకే.

ఇక్కడే పేదవాడికి మరో దెబ్బ. పట్టా భూస్వామి పేరున, చెమట కౌలు రైతుది. కాగితం లేనివాని పేరు జాబితాకు ఎక్కడం కష్టం. వాన అందరి మీదా ఒకేలా కురుస్తుంది గాని, సహాయం అందరికీ ఒకేలా అందదు.

కాబట్టి ఎండ కాసే రోజుల్లోనే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి:

1. ఇంటి పత్రాలు, బ్యాంకు పుస్తకం, రేషను కార్డు నీరు చొరని సంచిలో ఒకేచోట ఉంచండి. ఇంటిని ఫోటో తీసి పెట్టుకోండి.

2. కౌలుకు చేసేవారు పంట నమోదును సకాలంలో చేయించుకోండి. భూమిగల పాఠకులారా, మీ కౌలుదారునికి కాగితం రాసి ఇవ్వడానికి వెనుకాడకండి.

3. గ్రామసభకు వెళ్ళండి. డ్రెయిన్ల పూడికతీత, షెల్టరు మరమ్మతు, అక్కడికి వెళ్ళే దారి గురించి అడగండి. తాళంచెవి ఎవరివద్ద ఉందో తెలియని షెల్టరు ఉన్నా లేనట్టే.

4. నష్టాల జాబితా తయారైనప్పుడు మీ పేరుతోపాటు పక్కింటి ఒంటరి అవ్వ పేరు కూడా ఉందో లేదో చూడండి.

ఇంటిల్లిపాదీ ఆలోచించండి: ఈ రాత్రి హెచ్చరిక వస్తే మనం ఎక్కడికి వెళ్తాం? మన వీధిలో నడవలేనివారు ఎవరు? వారిని ఎవరు తీసుకువెళ్తారు?

ఈ ఆదివారం పూజ ముగిశాక, మీ విచారణలోని పొరుగువారితో ఈ మూడు ప్రశ్నలూ మాట్లాడండి. జవాబులు కాగితం మీద రాసి, గోడకు అంటించండి.