పెరుకుటకు ముందు పేరు

తొలకరి వాన కురిసిన పదిదినములకు బెంగళూరు పట్టణములో ఏ ఖాళీ స్థలమును చూచినను పచ్చగా కానవచ్చును. గోడ పగుళ్లలో, మోరీ గట్లపై, రాతిపలకల సందులలో ఎవరును నాటని మొక్కలు తలలెత్తును. వాటినన్నిటిని మనము “పిచ్చిమొక్కలు” అను ఒక్క మాటతో త్రోసివేయుదుము. మా అవ్వ కాలమున వాటికి వేరువేరు పేర్లుండెను. పేర్లు మరచినందున మేలు చేయు మొక్కకును, కీడు చేయు మొక్కకును గల భేదము కూడ మరచితిమి. ఆ భేదమును కొంత జ్ఞప్తికి తెచ్చుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఎవరు నాటిరి?

జిల్లేడు, గడ్డిచామంతి విత్తులకు దూదివంటి కుచ్చులుండును. గాలి వాటిని మోసికొనిపోవును. ఉత్తరేణి గింజలు పంచెలకును చీరలకును అంటుకొని వీధులు దాటును. పల్లేరుకాయలు చెప్పులకు గ్రుచ్చుకొని ప్రయాణము చేయును. రావిపండ్లను పక్షులు తిని రెట్టవేయగా మేడగోడలపై మొలకలు లేచును. వాటిని లేతగా నున్నపుడే తీయనియెడల వేళ్లు గోడను చీల్చును. ఇల్లు కట్టుటకు లారీలలో తెచ్చు మట్టితో మరికొన్ని విత్తులు వచ్చును. కొన్ని విత్తులు మట్టిలో ఏండ్ల తరబడి నిద్రించి, త్రవ్వినపుడు వెలుతురు సోకగానే మొలచును. కావున ఒకసారి చెక్కిన స్థలము మరల పచ్చబడుటలో వింత లేదు.

ఇద్దరు పరదేశులు

మన వీధులలోని మొక్కలలో వయ్యారిభామ మిక్కిలి హానికరమైనది. దీనిని కన్నడమువారు కాంగ్రెస్ గిడ అందురు. దీని పుట్టిల్లు అమెరికా ఖండము. మన దేశమున ఇది 1955లో పూనాలో గుర్తింపబడి, అటుపిమ్మట దేశమంతట వ్యాపించినది. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనములను రాల్చగలదు. దీనిని తాకినవారిలో కొందరికి చర్మముపై దురద, దద్దుర్లు, పుండ్లు కలుగును. దీని పుప్పొడి కొందరికి తుమ్ములను, ఉబ్బసమును తెచ్చును. ప్రక్కనున్న మొక్కలను సహితము ఇది ఎదుగనీయదు. దీని ఆకులనే తిని బ్రతుకు ఒక మెక్సికో దేశపు పురుగును 1984లో బెంగళూరులో విడిచిరి. అది కొంత తోడ్పడినను, మనుష్యుని చేతిపని తప్పలేదు.

గడ్డిచామంతి కూడ అమెరికా నుండి వచ్చినదే. కాని అది ఎవరిని బాధింపక నేలనంటి పాకుచు, తేనెటీగలకును సీతాకోకచిలుకలకును ఆహారమిచ్చుచున్నది. పరాయిచోటు నుండి వచ్చినదంతయు కీడు కాదు. వచ్చినచోట ఎట్లు మెలగుచున్నదో చూడవలెను. తరతరములుగా పరప్రాంతమున కాపురమున్న మనకు ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు.

ఈ రెంటిని గుర్తించుట సులభము. వయ్యారిభామ నిటారుగా పెరుగును. ఆకులు లోతుగా చీలియుండును. కొమ్మల చివర చిన్నచిన్న తెల్లని పూలు గుంపులుగా పూయును. గడ్డిచామంతికి పొడవైన సన్నని కాడపై ఒక్కొక్క పూవే యుండును. నడుమ పసుపు, చుట్టును కొన్ని పాలిపోయిన రేకులు. వయ్యారిభామను పూత రాకమునుపే, వాన పడి నేల మెత్తబడినపుడు, చేతులకు తొడుగులు వేసికొని వేరుతో పెరుకవలెను. ఉబ్బసము గలవారును, పిల్లలును ఈ పనికి దూరముగా నుండవలెను.

పోలికలో మోసము

నా పదవ యేట అవ్వ నన్ను అటికమామిడి తెమ్మని పంపినది. నేను ఒడినిండ తెల్లగలిజేరు తెచ్చితిని. ఆమె కోపింపక రెండు తీగలను ప్రక్కప్రక్కన పరచి, “పూవు ఎక్కడున్నదో చూడు నాయనా” అనెను. రెండును నేలపై ప్రాకును. రెంటికిని జంటలో ఒక ఆకు పెద్దది, ఒకటి చిన్నది. కాని అటికమామిడికి సన్నని కాడల చివర చిన్న గులాబిరంగు పూలుండును. దాని కాయలు జిగటగా బట్టలకంటును. తెల్లగలిజేరు పూవు ఆకు మొదట దాగియుండును. దాని ముదిరిన ఆకు కడుపును బాధించును. అటికమామిడికే పునర్నవ యని పేరు. ఎండకు పైభాగము మాడినను, లోతైన వేరు బ్రతికియుండి వానకు మరల చిగుర్చును గనుక ఆ పేరు తగియున్నది.

మూడు హెచ్చరికలు

ఒకటి: గంగవాయిలి, పొన్నగంటి మంచి కూరలే యైనను మోరీ ప్రక్కను, బండ్లు తిరుగు బాట ప్రక్కను మొలచినవాటిని తినరాదు. మురికినీటిలోను, బాటదుమ్ములోను ఉండు విషలోహములు ఆకులకు చేరును.

రెండు: ఉమ్మెత్త గింజలు ప్రాణాపాయకరములు, జిల్లేడు పాలు కంటికి కీడు. పిల్లలకు ముందుగా వీటినే చూపి హెచ్చరింపవలెను. అట్లని జిల్లేడు నంతటిని నరుకవలదు. దాని ఆకులు తిని పెరిగి సీతాకోకచిలుకలగు గొంగళిపురుగులు కలవు.

మూడు: నేల ఉసిరి కామెర్లకు మందని విని ఇంటనే వైద్యము చేయవలదు. కామెర్లకు కారణములనేకము, వైద్యుని చూచుటయే క్షేమము.

ఒక చిన్న అభ్యాసము

ఈ వానకాలమున మీ ఇంటి గడప మొదలు వీధి చివరవరకు నడచి, పది మొక్కలను గుర్తింపుడు. పిల్లలను వెంట తీసికొని, ఇంటి పెద్దలను పేర్లడుగుడు. పొరుగువారి భాషలోని పేర్లను కూడ వ్రాసికొనుడు. మన తుమ్మి కన్నడమున తుంబె. మన నేల ఉసిరి కన్నడమున నెలనెల్లి, తమిళమున కీళానెల్లి. మన పొన్నగంటి తమిళమున పొన్నాంగణ్ణి. పేర్లు కలిసినచోట మనుష్యులును కలియుదురు.

వానకాలమున ఆకులను సూక్ష్మజీవులు ఆశ్రయించియుండునని చాతుర్మాస్యములో ఆకుకూరలు మానువారు మనలో కలరు. వారికిని ఈ జ్ఞానము పనికివచ్చును; తినుటకు కాదు, అనవసరముగా ఒక్క మొక్కనైనను పెరుకకుండుటకు. పెరుకవలసినది వయ్యారిభామ యని తెలిసిన చేయి, ప్రక్కనున్న తుమ్మిని విడిచిపెట్టును. తెలియని చేయి రెంటిని పెరికివేయును. మా అవ్వకు తెలిసిన పేర్లలో నాకు సగమే మిగిలినవి. ఆ సగమైనను మన పిల్లలకు అందవలెను.