24 గంటల ఇసిజి - హోల్టర్ యంత్రం

మన గుండె నిమిషానికి సుమారు 72 సార్లు కొట్టుకుంటుందని హైస్కూల్లో అందరం చదువుకున్నాం. ఆ లెక్కన రోజుకు 1,03,680 సార్లు. ఆస్పత్రిలో మంచం మీద పడుకోబెట్టి తీసే మామూలు ఇసిజి దాదాపు 10 సెకన్లది. అందులో పడేవి 12 స్పందనలు. ఆ పన్నెండూ బాగున్నంత మాత్రాన మిగతా లక్షా బాగున్నట్టు కాదు.

ఈ చిన్న లెక్క తెలియక 2004లో మేము ఒక తప్పు చేశాం. అప్పుడు తొమ్మిదో తరగతి. మా గదిలోని ఒకడు సాయంత్రం ఆటల్లో పరుగెత్తుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. దగ్గరి ఆస్పత్రిలో ఇసిజి తీసి నార్మల్ అన్నారు. ఇంకేం, పి.ఇ.టి. సారును తప్పించుకోవడానికి డ్రామా ఆడుతున్నాడని గదంతా ఏడిపించాం. వాళ్లమ్మ తాయెత్తు కట్టించింది. నెల తిరక్కుండా మళ్లీ పడ్డాడు. ఈసారి వార్డెన్ గారు తానే వెంటబెట్టుకుని పెద్దాస్పత్రికి తీసుకెళ్లారు. వాడు ఛాతీ నిండా తీగలతో, నడుముకు క్యాసెట్ పెట్టెతో తిరిగొచ్చాడు. పాటలు వస్తాయా అని అడిగినవాళ్లూ ఉన్నారు మాలో!

ఆ పెట్టె పేరు హోల్టర్ మానిటర్. అమెరికాలోని మోంటానా రాష్ట్రానికి చెందిన నార్మన్ జెఫరిస్ హోల్టర్ (1914-1983) అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. మనిషి పనిలో ఉన్నప్పుడు గుండె ఎలా ఉంటుందో చూడాలన్నది ఆయన పట్టుదల. 1940ల చివర్లో తయారుచేసిన మొదటి యంత్రం బరువు సుమారు 38 కిలోలు, వీపున మోయాలి. మన ట్రంకు పెట్టె పుస్తకాలతో సహా అంత ఉండదు. ట్రాన్సిస్టర్లు వచ్చాక అది చిక్కిపోయింది. 1961లో ఆయన 'సైన్స్' పత్రికలో ఈ పద్ధతిని వివరించాడు. ఇప్పటి యంత్రాలు అగ్గిపెట్టె అంతవీ ఉన్నాయి. క్యాసెట్ పోయి మెమరీ కార్డు వచ్చింది.

యంత్రం శరీరంలోకి కరెంటు పంపదు. గుండె ప్రతి స్పందనకూ తానే పుట్టించే విద్యుత్తును, అంటే చర్మం మీద మిల్లీవోల్టు ప్రాంతంలో ఉండేదాన్ని, స్టిక్కర్ల ద్వారా అందుకుని టైముతో సహా రాసుకుంటుంది, అంతే. షాకు కొడుతుందని భయపడి మావాడు రోజంతా కదలకుండా పడుకున్నాడు. బడికి పోలేదు, మెట్లెక్కలేదు. రిపోర్టులో ఏమీ రాలేదు. డాక్టరు గారు కోప్పడి, పరుగు మాత్రం వద్దు, మిగతా పనులన్నీ రోజూ చేసినట్టే చెయ్యమని మళ్లీ కట్టారు. రెండోసారి నీళ్ల బకెట్‌తో మెట్లెక్కుతుంటే దడ మొదలైంది. "5.40, బకెట్, మెట్లు, గుండె దడ, కళ్లు చీకట్లు" అని రఫ్ నోట్‌బుక్‌లో రాశాడు. టేపులో సరిగ్గా 5.40 దగ్గర గుండె నిమిషానికి 200 దాటి పరుగెత్తింది. పుట్టుకతోనే గుండెలో ఒక అదనపు విద్యుత్ దారి ఉందని తర్వాత తేలింది. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ దారిని కాల్చేశారు. మేము వాడికి సారీ చెప్పింది మాత్రం చాలా రోజులకు.

ఆ గదిలోని ఇద్దరం పారామెడికల్ డిప్లొమా చేసి ఇప్పుడు ఇదే పనిలో ఉన్నాం. రోజూ చూసేవి కొన్ని చెబుతాం. కట్టించుకోవడానికి వచ్చేముందే స్నానం చెయ్యాలి, తీసేదాకా మళ్లీ కుదరదు. ఛాతీకి నూనె, పౌడరు రాయవద్దు, స్టిక్కరు నిలవదు. గుండీల చొక్కా వదులుగా వేసుకోవాలి. తీగ ఊడితే గుండె ఆగినట్టు గీత వస్తుంది. పళ్లు తోముకుంటుంటే చెయ్యి కదలికకు ప్రమాదకరమైన దడలాంటి గీతలు పడతాయి! ఏది గుండెదో, ఏది బ్రష్‌దో తేల్చడానికి మాకు డైరీయే ఆధారం. అందుకే పళ్లు తోమిన టైము కూడా రాయమంటాం.

రిపోర్టులో నిద్రవేళ 45 అని కనబడితే కంగారు పడకండి, ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లలో అది మామూలే. అక్కడక్కడా ఒక స్పందన ముందుగా రావడమూ అంతే. పరుగులో స్పృహ తప్పడం, ఇంట్లో చిన్న వయసులో ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయి ఉండటం మాత్రం డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇసిజి నార్మల్ అని ఊరుకోరాదు. ఆ 24 గంటల్లో దడ రాకపోతే హోల్టర్‌కూ ఏమీ దొరకదు. అలాంటివారికి రెండు వారాలదాకా అతికించే ప్యాచీలు, చర్మం కింద పెట్టి ఏళ్ల తరబడి ఉంచే చిన్న రికార్డర్లు వచ్చాయి.

డైరీ ఇంగ్లీషులోనే రాయాలా అని చాలామంది పిల్లలు అడుగుతారు. తెలుగులో రాయండి, తప్పులున్నా పరవాలేదు. టైము మాత్రం గడియారం చూసి వెయ్యండి.