సైకిలెక్కి సరిహద్దు దాటాలంటే



"నాన్నా, సైకిల్ మీద వేరే దేశం పోవచ్చా?" యూట్యూబ్‌లో యాత్రల వీడియోలు చూసిన పిల్లలు ఈ మధ్య ఇళ్లలో ఈ ప్రశ్న వేస్తున్నారు. మన దగ్గర సాధారణంగా రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. "ముందు చదువు చూసుకో" అనేది ఒకటి, "పెద్దయ్యాక చూద్దాంలే" అనేది ఇంకొకటి. మూడోది కూడా చెప్పి చూడండి: "ఎన్ని రోజులు, ఎంత బరువు, ఎంత ఖర్చు, ఏ కాగితాలు కావాలి? రాసి చూపించు." తొమ్మిది, పది తరగతుల గణితం, సోషల్ రెండూ ఆ ఒక్క కాగితంలోకి వచ్చేస్తాయి.

1923 అక్టోబర్ 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై ప్రపంచం చుట్టడానికి బయలుదేరారు. ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా యాత్ర పూర్తి చేసి 1928 మార్చిలో ఇంటికి చేరారు. తొక్కిన దూరం దాదాపు 71,000 కిలోమీటర్లు. మిగతా ముగ్గురు మధ్యలోనే విరమించుకున్నారు. ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

తక్కువ డబ్బుతో వెళ్లడమంటే మాత్రం ఒడిశాకు చెందిన చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియానే గుర్తుకొస్తాడు. పేద దళిత కుటుంబంలో పుట్టి, ఢిల్లీలో చదువుకుంటూ, కన్నాట్ ప్లేస్‌లో పది రూపాయలకు బొమ్మ గీసిచ్చేవాడు. 1977 జనవరిలో ఉన్న సామాన్లన్నీ అమ్మేసి, అరవై రూపాయలకు పాత సైకిల్ కొని, భార్య షార్లెట్ ఉన్న స్వీడన్‌కు బయలుదేరాడు. అఫ్ఘానిస్తాన్, ఇరాన్, టర్కీ దాటుతూ, దారిలో బొమ్మలు గీసి తిండి సంపాదించుకున్నాడు. మే నెలాఖరులో గోటెబోర్గ్ చేరాడు, చివరి భాగం రైల్లో. జేబులో డబ్బు తక్కువే, కానీ చేతిలో విద్య ఉంది. అయితే ఆనాటి దారి ఈనాడు అలా లేదు. వీసాలు, యుద్ధాలు వచ్చిపడ్డాయి. కథ విని పిల్లలు ఆ మ్యాప్‌నే గీసుకొస్తే, ఒక్కో దేశం దగ్గర ఆగి "ఇప్పుడు ఇక్కడ దాటనిస్తారా?" అని అడగండి.

మనకు మొదటి విదేశంగా నా ఓటు నేపాల్‌కే, అందులోనూ లుంబినికి. కొండలెక్కే ఖాట్మండు దారి తర్వాత చూసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు నేరుగా రైలుంది. రైలు మారే పని లేకపోతే పార్సిల్ పెట్టెలో వేసిన సైకిల్ గురించి బెంగ ఉండదు. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి సరిహద్దు సుమారు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి లుంబిని పాతిక పైచిలుకు. నేలంతా చదును. ఫరెందాలో ఒక రాత్రి, సరిహద్దు దగ్గర ఒక రాత్రి ఆగితే రోజుకు యాభైకి మించదు. నేపాల్‌లోనూ బండ్లు ఎడమవైపే నడుస్తాయి. గడియారం మాత్రం మనకన్నా పావుగంట ముందు. ఎందుకో పిల్లల్నే కనుక్కోమనండి.

లుంబినిలో అశోకుడు నిలిపిన స్తంభం ఉంది. బుద్ధుడు పుట్టిన ఊరు కాబట్టి పన్ను తగ్గించానని ఆయన దానిపై చెక్కించాడు. ఆ అశోకుడి పేరును స్పష్టంగా చెప్పే శాసనం 1915లో దొరికిన మస్కి, గద్వాలకు పొరుగున ఉన్న రాయచూరు జిల్లాలోదే. సోషల్ పుస్తకంలో ఒక పేరాగా చదివిన రాజు, మన పొరుగు నుంచి నేపాల్ దాకా ఎంత దూరం పరుచుకున్నాడో సైకిల్ తొక్కిన పిల్లవాడికి కాళ్లలో తెలుస్తుంది.

కానీ మొదట తొక్కాల్సింది ఇక్కడే. గద్వాల కోట దగ్గర మొదలుపెట్టి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పాలిటెక్నిక్ నడిచే వనపర్తి రాజభవనం దాకా ఒక రోజు. రాత్రి బంధువుల ఇంట్లో పడుకుని, మర్నాడు నాగర్‌కర్నూల్. రెండు రోజులకూ కలిపి వంద కిలోమీటర్లకు దగ్గర. జాతీయ రహదారి ముక్క మీద పెద్దవాళ్లు వెనక ఉండాలి, తెల్లవారాకే బయలుదేరాలి, హెల్మెట్ తప్పదు. రెండో రోజు పొద్దున్నే పిల్లలు మళ్లీ సీటు మీద కూర్చోగలిగారా అన్నదే అసలు పరీక్ష. మొదటి రోజు ఉత్సాహం అందరికీ ఉంటుంది.

ఆ రెండు రోజులూ ఒక నోట్‌బుక్ పెట్టించండి. సైకిళ్లు మన దేశానికి రాకముందే, 1830లో, ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్తూ కృష్ణ దాటి వనపర్తి మీదుగానే హైదరాబాద్ చేరాడు. పల్లకీ, పెద్ద పరివారం ఉన్న ప్రయాణం అది, పొదుపుతో ఏ సంబంధమూ లేదు. అయినా మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్లు దొరుకుతాయా, అంగళ్లు ఉన్నాయా అని రాసుకుంటూ పోయాడు. అదే 'కాశీయాత్ర చరిత్ర' అయింది. మన పిల్లలూ అలాగే రాయాలి: పెబ్బేరు దగ్గర ఎన్ని నీళ్లు తాగాం, పంక్చర్ షాపు ఎక్కడ కనిపించింది, టీకి ఎంత అయింది.

సామాను ఇంట్లో కాటాపై తూయించండి. లీటరు నీళ్లంటే కిలో బరువని చదివిన పిల్లలకు, మూడు సీసాలు క్యారియర్‌కు కట్టాక అది అర్థమవుతుంది. పెద్దలకు పది, పన్నెండు కిలోలు, పిల్లలకు నాలుగైదు కిలోలు చాలు. రెండు జతల బట్టలు, సైజు సరిపోయే ట్యూబులు రెండు, ప్యాచీలు, సొల్యూషన్, గాలి పంపు, పానాలు, బ్రేక్ షూలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, లైట్లు. బరువు కిందికి, రెండు వైపులా సమానంగా ఉండాలి. వెనక చక్రం ట్యూబు మార్చడం రాని పిల్లల్ని ఊరు దాటనివ్వకండి. మీకు రాకపోతే ఇద్దరూ కలిసి సైకిల్ షాపులో ఒక గంట కూర్చోండి.

ఇక డబ్బు. తండ్రి, తొమ్మిదో తరగతి కూతురు పది రోజుల యాత్రకు వెళ్తున్నారనుకుందాం. కింది అంకెలు లెక్క కోసం అనుకున్నవే. మీరు మీ రేట్లు వేసుకోండి. దారిలో ఆరు రోజులు, ఇద్దరికీ తిండి, బస రోజుకు 1,500 చొప్పున 9,000. రైల్లో నాలుగు రోజుల తిండి 600 చొప్పున 2,400. టికెట్లు, సైకిళ్ల పార్సిల్ 8,000. రిపేర్లకు 1,500. మొత్తం 20,900. ఇక్కడితో ఆగితే అది బడ్జెట్ కాదు. ఐదో వంతు, అంటే 4,180, ముట్టకుండా విడిగా పెట్టాలి. అప్పుడు 25,080. జ్వరం వస్తే, రైలు తప్పితే వాడేది ఆ డబ్బే. తక్కువ ఖర్చు యాత్రలు చాలావరకు చెడేది ఆ ఐదో వంతును కొత్త సైకిల్ సోకులకు ఖర్చుపెట్టడం వల్లనే. ఉన్న గేర్ సైకిల్‌ను సర్వీసింగ్ చేయించండి, చాలు.

మన రూపాయికి నేపాల్‌లో 1.60 నేపాలీ రూపాయలు. అక్కడ 6,000 ఖర్చు పెడితే ఎన్ని నేపాలీ రూపాయలో పాపనే చెప్పమనండి. పెద్ద నోట్ల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో బ్యాంకులో అడగండి. ఫోన్‌కు సరిహద్దు దాటగానే అక్కడి సిమ్ తీసుకోవడం చవక.

కాలం ఎంపిక కూడా ముఖ్యమే. సంక్రాంతి సెలవుల్లో గోరఖ్‌పూర్ ప్రాంతమంతా దట్టమైన పొగమంచు, ఎదురుగా లారీ వచ్చినా కనపడదు. ఎండాకాలంలో వడగాలి. మిగిలేవి దసరా సెలవులు. అప్పుడు నేపాల్‌లోనూ దశైన్ పండుగే. ముఖ్యమైన రోజుల్లో అంగళ్లు మూసేస్తారు, బస ముందే మాట్లాడుకోవాలి.

కాగితాల విషయంలో చాలామంది పొరబడతారు. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు, కానీ పెద్దవాళ్లకు ఆధార్ చాలదు. పాస్‌పోర్ట్ గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఫొటో ఉన్న ఆధార్ సరిపోతుంది. పదిహేను నుంచి పద్దెనిమిది మధ్యవారికి పాస్‌పోర్ట్ లేకపోతే, నిర్ణీత నమూనాలో స్కూల్ ప్రిన్సిపాల్ ఇచ్చే గుర్తింపు సర్టిఫికెట్ చెల్లుతుంది. తొమ్మిదో తరగతి చెల్లెలికి, పదో తరగతి అక్కకు కాగితాలు వేరువేరని గుర్తుంచుకోండి. సర్టిఫికెట్ కావాల్సినవారు సెలవులకు నెల ముందే ప్రిన్సిపాల్ గారికి దరఖాస్తు ఇవ్వండి. దానికి పిల్లలు వేసిన ఖర్చుల లెక్క, నాగర్‌కర్నూల్ యాత్ర నోట్‌బుక్ కూడా జత చేసి తెస్తే సోషల్ టీచర్లు సంతోషంగా చదువుతారు.