‘ఇచ్చినాము’ అను మాటకు ఇంగ్లీషు

మా విద్యార్థి యొకడు ఇంగ్లీషు వ్యాసమున ‘మై ఫాదర్ గేవ్ అవర్ ల్యాండ్ టు ది సోలార్ పార్క్’ అని వ్రాసెను. ఇంటిలో పెద్దలు ‘సోలారుకు భూమి ఇచ్చినాము’ అనగా విన్నమాటనే మార్చెను. వ్యాకరణదోషము లేదు. కాని చదివిన పరాయివాడు ఆ తండ్రి భూమిని దానము చేసెననుకొనును! 2018లో ప్రారంభమైన పావగడ సౌరవిద్యుత్ కేంద్రమునకు మన వల్లూరు రైతులు పొలములను ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకే ఇచ్చిరి గదా.

దిద్దుమనగా వాడు ‘హైర్డ్’ అని వ్రాసెను. ఇది మరింత చిక్కు. హైర్ అనగా బండినో ట్రాక్టరునో కొద్దికాలము బాడుగకు తీసికొనుట. ఇచ్చినవాడే పుచ్చుకొన్నవాడాయెను!

రెంట్ ఇంటికిని పొలమునకును చెల్లును. మనకు బాడుగ వేరు, కౌలు వేరు. గడువును షరతులును వ్రాసికొన్నచో లీజ్ అనుట మేలు; మన గుత్త, కన్నడిగుల గుత్తిగె దీనికి చేరువ. ఈ రెండును ఇరుపక్షములకు చెల్లును: ‘టు’ చేర్చిన ఇచ్చుట, ‘ఫ్రమ్’ చేర్చిన పుచ్చుకొనుట. లెట్ మాత్రము యజమాని చేయు పనియే. కనుక ‘లీజ్డ్ అవర్ ల్యాండ్ టు’ అని దిద్దితిమి.

రోజె పండితుడు 1852లో ప్రకటించిన థెసారస్ ఇట్టి మాటలను గుంపులుగా చేర్చినదే కాని అర్థములు చెప్పలేదు. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు వెలువడినదియు ఆ యేడే. మా పిల్లలకు అదియే ఎక్కువ అక్కరకు వచ్చుచున్నది.

తలిదండ్రులారా, ఇంగ్లీషు కౌలుపత్రము ఇంటనున్నచో పిల్లవానిచేత చదివింపుడు. లెస్సర్ అనగా ఇచ్చినవాడు, లెస్సీ అనగా పుచ్చుకొన్నవాడు. మీ పేరు ఏ మాట ప్రక్కనున్నదో వాడు చూపగలడు.