యుద్ధకాలంలో ఓ నులక మంచం

ఢిల్లీ బేర్ సరాయ్ జిరాక్సు షాపుల్లో దొరికే సివిల్స్ ఆర్ట్ అండ్ కల్చర్ నోట్సులో చిత్రకారిణి అమృతా షేర్‌గిల్‌కి దక్కేది మహా అయితే రెండు లైన్లు. అవి చాలవు. ఐరోపా యుద్ధంలో కూరుకుపోయిన 1940లో, గోరఖ్‌పూర్ దగ్గరి సరాయా ఎస్టేట్‌లో ఉంటూ ఆమె ‘ఉమన్ రెస్టింగ్ ఆన్ చార్‌పాయ్’ గీశారు. మంచం మీద ఎర్రటి దుస్తుల్లో నడుం వాల్చిన స్త్రీ, పక్కన విసనకర్రతో మరో స్త్రీ. మంచం కోళ్లూ ఎరుపే. యుద్ధం ఛాయ ఎక్కడా కనపడదు. కానీ యుద్ధం ఆమె ఇంటిదాకా వచ్చింది: 1941 డిసెంబర్ 5న లాహోర్‌లో అమృత 28 ఏళ్లకే మరణించగా, అదే రోజుల్లో బ్రిటన్ హంగరీపై యుద్ధం ప్రకటించింది. ఆమె భర్త, హంగరీ వైద్యుడు విక్టర్ ఈగన్, రాత్రికి రాత్రి శత్రుదేశీయుడయ్యాడు.

సివిల్స్ ప్రిలిమ్స్‌కి: అమృత జననం బుడాపెస్ట్, 1913. తండ్రి ఉమ్రావ్ సింగ్ మజీఠియా. 1978 తపాలా బిళ్ల మీద ఉన్నది ‘హిల్ ఉమెన్’. ‘చార్‌పాయ్’ అనుకుని పొరబడొద్దు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం కింద తమ చిత్రాలు కళానిధులుగా ప్రకటితమైన తొమ్మిది మంది చిత్రకారుల్లో ఆమె ఒకరు. అందుకే ఆమె చిత్రాల్ని అమ్మకానికి దేశం దాటించడం కుదరదు.

‘చార్‌పాయ్’ చిత్రం ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సొత్తు. 1954లో ఆ గ్యాలరీని ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. సోమవారం సెలవు, అది చూసుకుని వెళ్లి రండి.