ఎవరిని తీసుకోవాలి? ఇంట్లోనే వాదన నేర్పే ఒక పాఠం



ఐపీఎల్ వేలం దగ్గర పడిందంటే పిల్లల మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. స్కూల్ బస్సులో, ఇంటర్వెల్‌లో, సాయంత్రం గల్లీలో ఒకటే చర్చ: మన సన్‌రైజర్స్ ఎవరిని తీసుకోవాలి? చాలాసార్లు అది "వాడు సూపర్", "వాడు వేస్ట్" అనే రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. "చదువుకోక ఈ గొడవేంటి" అని కోప్పడకండి. ఆ చర్చను ఇంకొంచెం ముందుకు నడిపించండి. కారణం చెప్పి మాట్లాడటం, ఎదుటివారి కారణం ఓపిగ్గా వినడం, కొత్త విషయం తెలిస్తే అభిప్రాయం మార్చుకోవడం: డిబేట్ పీరియడ్‌లో మేము నేర్పేది కూడా ఇదే.

ఈ నెల పాఠానికి ఒక నిజమైన ఉదాహరణ తీసుకుందాం.

2008 మార్చి 2న కౌలాలంపూర్‌లో మన అండర్-19 జట్టు ప్రపంచ కప్ గెలిచింది. అదే ఏడాది ఐపీఎల్ మొదలైంది. ఆ కుర్రాళ్లను వేలంలో పెట్టకుండా డ్రాఫ్ట్ పద్ధతిలో పంచారు. డ్రాఫ్ట్ అంటే మన పిల్లలకు తెలిసిందే. గల్లీలో ఇద్దరు కెప్టెన్లు పంటలు వేసుకుని, వంతుల వారీగా ఒక్కొక్కరిని పిలుచుకోరూ? అలాంటిదే.

విరాట్ కోహ్లీ ఢిల్లీ కుర్రాడు, ఆ జట్టుకు కెప్టెన్. బెంగళూరు కంటే ముందే ఢిల్లీకి అతన్ని తీసుకునే అవకాశం వచ్చింది. ఢిల్లీ మాత్రం ప్రదీప్ సంగ్వాన్ అనే ఎడమచేతి పేసర్‌ను ఎంచుకుంది. కోహ్లీని బెంగళూరు తీసుకుంది.

ఇది చెప్పగానే పిల్లలు నవ్వుతారు. అప్పుడు అడగండి: ఆ రోజు ఢిల్లీ దగ్గర ఎవరెవరు ఉన్నారు? సెహ్వాగ్, గంభీర్, ధావన్, డివిలియర్స్. బ్యాటింగ్ నిండుగా ఉన్న జట్టు బౌలర్‌ను తీసుకోవడం తెలివితక్కువ పనా? మొదటి సీజన్‌లో కోహ్లీ 13 మ్యాచ్‌లు ఆడి చేసినవి 165 పరుగులే. ఢిల్లీ సెమీఫైనల్ చేరింది. బెంగళూరు ఎనిమిది జట్లలో ఏడో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది చివర్లో అడిగి ఉంటే ఢిల్లీ నిర్ణయమే సరైనదని చాలామంది అనేవారు. తర్వాత కోహ్లీ అదే బెంగళూరు తరఫున 8,000కు పైగా పరుగులు చేశాడు. 2025లో ఆ జట్టు కప్పు కూడా గెలిచింది.

ఇంకో మాట. ఆ అండర్-19 ప్రపంచ కప్‌లో అందరికంటే ఎక్కువ పరుగులు చేసింది కోహ్లీ కాదు, తన్మయ్ శ్రీవాస్తవ. అతనివి 262, కోహ్లీవి 235. మార్కుల లిస్టు చూసి ఎంచుకుంటే మొదటి ర్యాంకు తన్మయ్‌దే. అతన్ని పంజాబ్ తీసుకుంది. ఐపీఎల్‌లో బ్యాట్స్‌మన్‌గా అతను నిలదొక్కుకోలేకపోయాడు. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2025లో అదే ఐపీఎల్‌లో అంపైర్‌గా మైదానంలోకి వచ్చాడు.

ఇప్పుడు మన పిల్లలకు బాగా తెలిసిన పేర్లు చూద్దాం. మీ వాదనలో మూడు ప్రశ్నలు ఉండేలా చూడండి.

మొదటిది: ఆధారం ఏమిటి? మహమ్మద్ సిరాజ్ 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్ తరఫున 41 వికెట్లు తీశాడు. 2017 వేలంలో 20 లక్షల కనీస ధర ఉన్న అతన్ని సన్‌రైజర్స్ 2.6 కోట్లకు కొన్నది. "బాగా వేస్తాడు" అనడం అభిప్రాయం. "41 వికెట్లు తీశాడు" అనడం ఆధారం.

రెండోది: జట్టుకు ఏం కావాలి? కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఎడమచేతి స్పిన్నర్. 2024 డిసెంబర్‌లో మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ ఆమెను 55 లక్షలకు తీసుకుంది. 2025 ప్రపంచ కప్‌లో ఆమె 14 వికెట్లు తీసింది. ఒక జట్టుకు పనికిరాదనుకున్నవాళ్లే ఇంకో జట్టుకు సరిగ్గా సరిపోవచ్చు.

మూడోది: ఎంతకాలం ఆగగలం? విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. 2023లో అతను ఆడింది రెండే మ్యాచ్‌లు. జట్టు ఆగింది. 2024లో 303 పరుగులు చేసి ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు అందుకున్నాడు. తర్వాత అదే జట్టు అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది.

తల్లిదండ్రులుగా ఇక్కడ మనం కూడా ఆలోచించాలి. పదో తరగతి తర్వాత ఎంపీసీనా, బైపీసీనా, ఇంకేదైనానా అని ఇంట్లో చర్చ జరుగుతుంది. ఒక యూనిట్ టెస్ట్ పేపర్ చూసి "మావాడికి లెక్కలు రావు" అని తీర్పు చెప్పేస్తాం, అదీ వాడి ముందే. అన్ని వివరాలు, నిపుణులు ఉన్న ఫ్రాంచైజీలకే పంతొమ్మిదేళ్ల కుర్రాడి భవిష్యత్తు అంతుపట్టలేదు. పద్నాలుగేళ్ల పిల్లల గురించి మనం అంత ధీమాగా ఎలా చెప్పగలం? పైగా ఫ్రాంచైజీ తనకు నచ్చని ఆటగాడిని మరుసటి ఏడాది వదిలేస్తుంది. మన ఇల్లు అలాంటిది కాదు. కాబట్టి అవే మూడు ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. ఒక్క పరీక్షేనా, ఏడాది మొత్తం చూశామా? పిల్లల ఇష్టం ఏమిటి? ఎంతకాలం ఆగాం?

ఈ నెల ఇంట్లో చేయండి:

1. ఒక కాగితం మీద పేర్లు లేకుండా ఇద్దరు ఆటగాళ్ల వివరాలు రాయండి. "ఆటగాడు అ: కెప్టెన్, 235 పరుగులు. ఆటగాడు ఆ: 262 పరుగులు." ఎవరిని తీసుకుంటావని అడగండి.

2. "ఎందుకంటే" అనే మాట లేకుండా వచ్చిన జవాబును ఒప్పుకోకండి.

3. పది నిమిషాల తర్వాత పక్షాలు మార్చండి. ఇప్పుడు బాబు లేదా పాప ఎదుటి ఆటగాడి తరఫున మాట్లాడాలి. పిల్లలకు అన్నింటికంటే కష్టమైనది, ఎక్కువ నేర్పేది ఇదే.

4. చివర్లో ఐదు వాక్యాలు తెలుగులో, అవే ఇంగ్లిష్‌లో రాయించి డైరీలో పెట్టి పంపండి. స్పెల్లింగ్ మీరు దిద్దకండి, మేము చూసుకుంటాం.

వాదనలో పిల్లలు మిమ్మల్ని ఓడిస్తే, ఆ సంగతి కూడా డైరీలో ఒక ముక్క రాయండి. క్లాసులో అందరికీ చదివి వినిపిస్తాం.

ఇంగ్లిష్ ఉపాధ్యాయురాలు, మల్యాల బ్రాంచ్